హత్తీన్ 1187: తురాన్ ఊట దగ్గర ఆగకుండా గీ రాజు సైన్యం ఎందుకు ముందుకు నడిచింది?

దారిపటం
శిలువ యుద్ధాల మీద ఇక్కడ చాలా చర్చలు జరిగాయి. అన్నీ చివరికి ఎవరిది న్యాయం, ఎవరిది క్రూరత్వం అనే దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ చర్చలో ఒక్క మధ్యాహ్నం గురించే మాట్లాడుకుందాం.

1187 జులై 3, శుక్రవారం. శిలువ యోధుల జెరూసలేం రాజ్యానికి రాజైన గీ తన సైన్యంతో సఫూరియా ఊటల దగ్గర నుంచి పొద్దున్నే బయల్దేరాడు. చేరాల్సింది గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న తబరియా. దూరం 25 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యాహ్నానికి తురాన్ ఊరి దరిదాపుల్లోకి వచ్చారు. అక్కడ ఊట ఉంది. అది దాటితే సరస్సు దాకా ఆ దారి మీద సైన్యానికి సరిపడే నీళ్లు లేవు. అయినా ఆగలేదు. వాళ్లు ముందుకు కదలగానే ఈజిప్టు, సిరియాల సుల్తాను సలావుద్దీన్ బలగం వెనకనుంచి వచ్చి ఆ ఊటను పట్టేసుకుంది. మర్నాటికి రాజ్యం మొత్తం సైన్యం పోయింది.

నా ప్రశ్న: అది తెలివితక్కువ నిర్ణయమా, లేక అప్పటికే వేరే దారి లేకుండా పోయిందా?

కోటబురుజు
ముందు నేల స్వరూపం అందరికీ ఒకేలా కళ్లముందుంటే మాట్లాడుకోవడం తేలిక.

సఫూరియా నజరేతుకు వాయవ్యంగా ఉంటుంది. నీళ్లు పుష్కలం. జెరూసలేం రాజ్యపు సైన్యాలు ఉత్తరాన ప్రమాదం వచ్చినప్పుడల్లా అక్కడే చేరేవి. అక్కడి నుంచి పాత రోమన్ దారి తూర్పుగా ఒక లోయ వెంట తురాన్ మీదుగా, మస్కానా మీదుగా సాగుతుంది. మస్కానా దగ్గర చలికాలపు వానలకు నిండే గుంట ఒకటుంది, జులైలో దాన్ని నమ్ముకోలేం. అక్కడ దారి రెండుగా చీలుతుంది. సూటిగా తూర్పుకు పోతే లూబియా మీదుగా తబరియా. ఎడమకు ఈశాన్యంగా తిరిగితే హత్తీన్ ఊరు, దాని దగ్గర మంచి ఊట. ఈ రెంటికీ మధ్య లేచి ఉన్నవే 'హత్తీన్ కొమ్ములు'. చల్లారిన అగ్నిపర్వతం అది, రెండు శిఖరాలు.

ఎత్తులు గమనించండి. కొమ్ములు సముద్రమట్టానికి 320 మీటర్ల పైన. సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్ల పైగా కింద. అంటే గుట్ట మీద నిలబడ్డవాడికి నీళ్లు కళ్లకు కనిపిస్తాయి, కానీ అర కిలోమీటరుకు మించిన దిగుడు. ఆ దిగుడు మొత్తం శత్రువు చేతిలో ఉంది.

సలావుద్దీన్ ఎక్కడున్నాడు? తబరియాకు నైరుతిగా, గట్టు మీద, కఫ్ర్ సబ్త్ అనే ఊళ్లో. అక్కడి నుంచి తబరియా ముట్టడినీ చూసుకోవచ్చు, సఫూరియా దారినీ అడ్డగించవచ్చు. చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది.

లెక్కలసంచి
నీటి లెక్క వేద్దాం. ఇది వేయకుండా 'ఆగాల్సింది' అనడం సులువు.

సైన్యం 18,000 నుంచి 20,000 అని ఎక్కువమంది ఒప్పుకునే అంచనా. అందులో నైట్లు, అంటే కవచం తొడిగిన గుర్రపు యోధులు, 1,200. తక్కినవాళ్లు కాలిబలం, తేలికపాటి గుర్రపు బలం, స్థానికంగా చేర్చుకున్న టర్కొపోల్ దళాలు. జులై ఎండలో కవచంతో నడిచే మనిషికి రోజుకు 5 లీటర్లు కనీసం వేసుకోండి. 18,000 × 5 = 90,000 లీటర్లు.

జంతువులు 8,000 అనుకుంటే, ఎండలో పనిచేసే గుర్రానికి 30 లీటర్ల చొప్పున 2,40,000 లీటర్లు. మొత్తం 3,30,000. ఒంటె ఒక్కటి 150 లీటర్లు మోస్తుందనుకున్నా 2,200 ఒంటెలు కావాలి. ఒక్క రోజుకే. అంటే నీళ్లు మోసుకుపోవడం అసలు కుదిరే పని కాదు. ఊట నుంచి ఊటకు నడవడం ఒక్కటే దారి.

గుర్రపుడెక్క
జంతువుల సంఖ్య కొంచెం ఎక్కువ వేశారండి. నైట్‌కు కనీసం రెండు గుర్రాలు ఉండాలన్నది కాగితం మీద మాట. ఆ ఏడాది మే 1న క్రెస్సన్ దగ్గర దెబ్బ తిన్నాక గుర్రాలకూ కొరతే. 6,000 జంతువులు, ఒక్కోదానికి 25 లీటర్లు వేసుకుందాం, 1,50,000. మనుషులకు 4 లీటర్లే ఇచ్చినా 72,000. మొత్తం 2,22,000 లీటర్లు. మీ తీర్పు మారదు, 1,500 ఒంటెలైనా కావాలి.

కానీ అసలు చిక్కు ఇంకోటుంది. ఊటలో నీళ్లుంటే సరిపోదు, ఊట దగ్గర తావు ఉండాలి. తురాన్‌ది చిన్న ఊట. ఒకేసారి 30 జంతువులు మూతి పెట్టే చోటుందని ఉదారంగా అనుకుందాం. ఒక్కో వంతుకు 4 నిమిషాలు. 6,000 జంతువులకు 200 వంతులు, 800 నిమిషాలు. పదమూడు గంటలు దాటుతుంది! మనుషుల సంగతి ఇంకా ఎత్తలేదు. ఈలోగా ఊట బురదవుతుంది, దాహమైన గుర్రాలు తొక్కేసుకుంటాయి, వరసలో నిలబడ్డవాళ్ల మీద బాణాలు పడుతుంటాయి.

సఫూరియాలో ఈ చిక్కు లేదు, నీళ్లూ ఎక్కువ, తావూ ఎక్కువ, కోట అండ. కాబట్టి 'తురాన్‌లో ఆగి నీళ్లు తాగి పోవాల్సింది' అనేవాళ్లు ఆ ఊటను సఫూరియాలా ఊహించుకుంటున్నారు.

చదువరి_21
కొత్తవాణ్ని, ఒక సందేహం. సఫూరియాలో అన్నీ బాగున్నప్పుడు అసలు బయటికి ఎందుకొచ్చారు? తబరియాలో ఉన్నది రేమండ్ భార్యే కదా, ఆయనే వద్దన్నాడని చదివాను.

కోటబురుజు
అవును, ట్రిపోలీ ప్రభువు మూడో రేమండ్ వద్దన్నాడు. జులై 2న సలావుద్దీన్ తబరియా పట్టణాన్ని పట్టాడు, రేమండ్ భార్య ఎస్కీవా లోపలి కోటలోకి చేరి కబురు పంపింది. ఆ రాత్రి సభలో రేమండ్ చెప్పింది ఇది: పట్టణం నాది, భార్య నాది, పోతే నాకే నష్టం, తర్వాత విడిపించుకోవచ్చు, కానీ ఈ సైన్యం పోతే రాజ్యమే పోతుంది. రాజు సరేనన్నాడు. సభ ముగిశాక టెంప్లర్ల (యోధ సన్యాసుల దళం) అధిపతి జెరార్డ్ డి రిడ్‌ఫోర్ రాజు గుడారానికి వెళ్లి మనసు మార్చాడు. తెల్లారేసరికి బయల్దేరమని ఆజ్ఞ వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే గీ మాట నిలకడ లేనివాడిలా కనిపిస్తాడు. నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1183లో కుష్ఠురోగంతో ఉన్న నాలుగో బాల్డ్విన్ తరఫున రాజ్యం చూస్తున్నది గీయే. ఆ శరదృతువులో సలావుద్దీన్ ఇలాగే సరిహద్దు దాటాడు. గీ పెద్ద సైన్యంతో ఐన్ జాలూత్ ఊటల దగ్గర కదలకుండా కూర్చున్నాడు. వారం గడిచింది, సలావుద్దీన్‌కు తిండి తరిగి వెళ్లిపోయాడు. యుద్ధ విద్య ప్రకారం అది గెలుపే. కానీ సొంతవాళ్లు పిరికివాడన్నారు. ఆ ఏడాదే గీ పాలన బాధ్యత ఊడిపోయింది.

1187లో అదే సలహా మళ్లీ వస్తే అతని చెవికి ఎలా వినపడుతుంది? పైగా ఇచ్చింది ఎవరు, ఏడాది కింద తన పట్టాభిషేకాన్ని ఒప్పుకోని రేమండ్.

అరబీరాత
దీనికి రెండు విషయాలు కలపాలి.

ఒకటి, డబ్బు. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ తూర్పు దేశానికి సాయంగా పంపిన సొమ్ము టెంప్లర్ల, అలాంటిదే మరో సన్యాసి దళమైన హాస్పిటలర్ల దగ్గర దాచి ఉంది. జెరార్డ్ ఆ సొమ్ము తీసి సైనికులకు జీతాలిచ్చి ఈ సైన్యాన్ని పెంచాడు. వేరేవాళ్ల డబ్బుతో ఇంత బలగాన్ని చేర్చి, ఊట దగ్గర కూర్చోబెట్టి, శత్రువు పట్టణాన్ని కాలుస్తుంటే చూశామని చెప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

రెండు, రేమండ్ మీద అపనమ్మకం ఊరికే రాలేదు. అతను సలావుద్దీన్‌తో విడిగా సంధి చేసుకున్నాడు. ఆ సంధి ప్రకారమే ఏప్రిల్ చివర సలావుద్దీన్ కొడుకు అల్-అఫ్దల్ బలగాన్ని తన నేల మీదుగా పోనిచ్చాడు. ఆ బలగాన్నే మే 1న క్రెస్సన్ దగ్గర జెరార్డ్ సుమారు 130 మంది నైట్లతో ఢీకొన్నాడు. హాస్పిటలర్ల అధిపతి రోజర్ డి మౌలిన్ చనిపోయాడు, జెరార్డ్ కొద్దిమందితో బయటపడ్డాడు. తర్వాత రేమండ్ సంధి తెంచుకుని రాజుతో చేతులు కలిపాడు, కానీ రెండు నెలల్లో ఆ గాయం మానుతుందా?

ఇంకో జాగ్రత్త. గీనీ జెరార్డ్‌నూ చెడుగా, రేమండ్‌నూ ఇబెలిన్ వంశపు ప్రభువు బేలియన్‌నూ మంచిగా చూపే కథనం ఎక్కువగా ఎర్నూల్ పేరుతో నిలిచిన చరిత్ర నుంచి వచ్చింది. ఎర్నూల్ బేలియన్ పరివారంలోని వాడు. గుడారంలో అర్ధరాత్రి ఏం మాట్లాడుకున్నారో మాటకు మాట నమ్మడం కష్టం. నిర్ణయం మారిందన్నది మాత్రం ఖాయం.

చదువరి_21
1183 సంగతి నాకు తెలియదు. ఇప్పుడు గీ మీద నా అభిప్రాయం చాలా మారింది. సలావుద్దీన్‌కు మాత్రం ఈసారి అంత పంతం ఎందుకు? వెళ్లిపోయి వచ్చే ఏడాది రావచ్చు కదా.

అరబీరాత
రాలేడు, అదే విషయం. అతని చేతిలో ఆ వేసవిలో 12,000 మంది జీతపు గుర్రపు బలం, తక్కినవాళ్లతో కలిపి 30,000 వరకు ఉన్నారు. ఈజిప్టు, సిరియా, జజీరా (ఎగువ మెసొపొటేమియా) నుంచి వచ్చినవాళ్లు. భూముల ఆదాయం మీద బతికే సేనానులు వాళ్లు, చలికాలానికి ఇళ్లకు వెళ్లాలి. ఇంతమందిని కలిపి ఉంచడం ఏటా అయ్యేది కాదు. పైగా పదేళ్లకు పైగా అతను ఎక్కువగా పోరాడింది తోటి ముస్లిం పాలకులతోనే, అలెప్పో కోసం, మోసుల్ కోసం. ఫ్రాంకుల (ఐరోపా నుంచి వచ్చిన శిలువ యోధుల) మీద పెద్ద గెలుపు ఏదని అడిగేవాళ్లు ఉన్నారు. 1186-87 చలికాలంలో కెరక్ కోట ప్రభువు రెనాల్డ్ డి షాటియన్ సంధి ఉండగానే బిడారును దోచుకోవడంతో కారణం కూడా దొరికింది.

అందుకే అతనికి సైన్యం బయటికి రావాలి. తబరియా ముట్టడి ఎర. తన ప్రధాన బలగాన్ని కఫ్ర్ సబ్త్‌లోనే ఉంచి, కొద్దిమందితో వెళ్లి పట్టణాన్ని కొట్టాడు.

గుర్రపుడెక్క
ఇప్పుడు జులై 3 మధ్యాహ్నం నడక గురించి. దారిపటం గారి ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది.

సైన్యం మూడు దళాలు. ముందు రేమండ్, అది అతని నేల కాబట్టి ఆనవాయితీ. నడుమ రాజు, యేసును వేసిన శిలువ ముక్కగా వాళ్లు నమ్మిన 'నిజ శిలువ'. వెనక బేలియన్, టెంప్లర్లు, హాస్పిటలర్లు. ప్రతి దళంలో నైట్లు లోపల, కాలిబలం బయట గోడలా. విల్లు, క్రాస్‌బో పట్టినవాళ్లు ఆ గోడలోంచి కొడుతుంటే గుర్రపు విలుకాళ్లు దగ్గరికి రాలేరు. గోడ కదులుతూనే ఉండాలి, కానీ సందు రాకూడదు.

గోడ ఎక్కడ తెగుతుంది? వెనక. గుర్రపు విలుకాడు వెనకనుంచి వచ్చి బాణం వేసి తిరిగిపోతాడు. వెనక దళం మొహం తిప్పి ఎదుర్కోవాలి, అంటే ఆగాలి. ముందు దళానికి ఆ సంగతి తెలియదు, నడుస్తూనే ఉంటుంది. సందు పడుతుంది. సందు పూడ్చడానికి అందరూ ఆగాలి. ఇలా పది సార్లు జరిగితే మధ్యాహ్నం పోయినట్టే. టెంప్లర్లు ఒకసారి ఈటెలు దించి వెంటబడ్డా, తరిమినంతసేపు చెదిరి, గుర్రాలు అలసి వెనక్కి రాగానే మళ్లీ మూగారు.

తెల్లవారి నుంచి సాయంత్రం దాకా నడిచింది 15 కిలోమీటర్ల చిల్లర. గంటకు కిలోమీటరు కన్నా కొంచెం ఎక్కువ! మామూలుగా ఇలాంటి సైన్యం గంటకు మూడు నడుస్తుంది. ఆ లెక్క నిలిచి ఉంటే సాయంత్రానికి సరస్సు చేరేవాళ్లే. బయల్దేరినప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఆ లెక్కే అయ్యుంటుంది.

బాణాలు నేరుగా చంపింది తక్కువ. నైట్ ఇనుప గొలుసుల చొక్కా 12 నుంచి 15 కిలోలు, దానికింద మందపు కుట్టు అంగీ. దూరం నుంచి వచ్చే బాణం అందులో గుచ్చుకుని ఆగిపోతుంది. కానీ గుర్రానికి ఆ రోజుల్లో కవచం దాదాపు లేదు. గుర్రం పడితే నైట్ బరువు మోసే కాలిబంటు, అంతే. ఆ ఎండలో ఆ అంగీ ఎంత చెమట పీలుస్తుందో, నీటి లెక్కలోకి అదీ రావాలి.

లెక్కలసంచి
గుర్రపుడెక్క గారూ, ఊట దగ్గర తావు లెక్కకు ధన్యవాదాలు, అది నేను ఆలోచించనే లేదు. నా 8,000 వెనక్కి తీసుకుంటున్నా.

దారిపటం
మస్కానాలో ఆగడం గురించి ఆధారాలు రెండు రకాలుగా ఉన్నాయి. వెనక దళం ఇక కదలలేనంటే రాజు ఆగమన్నాడనీ, అది విని రేమండ్ 'రాజ్యం అయిపోయింది' అని విలపించాడనీ ఒకటి. ఆగమన్న సలహా రేమండ్‌దేననీ, మర్నాడు ఎడమకు తిరిగి హత్తీన్ ఊట చేరుదామన్నాడనీ ఇంకోటి. నాకు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవిగా అనిపించవు. సరస్సు అందదని తేలాక అందగలిగిన నీళ్లు హత్తీన్ ఊటవే, ఆరేడు కిలోమీటర్లలో. ఎడమకు తిరగడం తప్పుడు ఆలోచన కాదు. పొద్దుపోయింది, అంతే.

చదువరి_21
రాత్రి చీకట్లో ఆ ఆరు కిలోమీటర్లు దాటేసి ఉండొచ్చు కదా?

గుర్రపుడెక్క
చీకట్లో కాలిబలం గోడ నిలవదు. పక్కవాడు ఎక్కడున్నాడో తెలియనప్పుడు సందులు పడ్డాయో లేదో చూసేదెవరు? రాళ్ల నేల, దాహమైన గుర్రాలు, తెలియని లోయ. పైగా రెండు సైన్యాలు మాట వినపడేంత దగ్గరలో ఉన్నాయి. ఊట ఉన్న హత్తీన్ వైపు సలావుద్దీన్ అన్న కొడుకు తఖీయుద్దీన్ దళం అడ్డంగా దిగి ఉంది.

అరబీరాత
ఆ రాత్రి అవతలి వైపు ఏం జరిగిందో చెప్పకపోతే ఈ చర్చ సగమే. గెలుపు అక్కడ తయారైంది.

సరస్సు నుంచి ఒంటెల మీద తోలుతిత్తుల్లో నీళ్లు గట్టు మీదికి ఎక్కించారు. పైన గుంటలు తవ్వి నింపారు. సలావుద్దీన్ మనుషులకు వెనక సరస్సు ఉంది, దారి తెరిచి ఉంది. 2,000 ఒంటెలు ఒకేసారి అక్కర్లేదు, కొన్ని వందలు తిరుగుతూ ఉంటే చాలు.

బాణాల సరఫరా ఇంకా ముఖ్యం. గుర్రపు విలుకాడి అంబులపొదిలో ఉండేవి కొద్ది పదుల బాణాలు. గట్టిగా పోరాడితే పావుగంటలో అయిపోతాయి, ఆ తర్వాత అతను చూస్తూ నిలబడాలి. ఆ రాత్రి 400 మోపుల బాణాలు పంచారనీ, మర్నాడు పోరు మధ్యలో అందించడానికి 70 ఒంటెల మీద బాణాలు సిద్ధంగా నిలబెట్టారనీ ఇమాదుద్దీన్ రాశాడు. అతను సలావుద్దీన్ కార్యదర్శి, అక్కడే ఉన్నాడు. అతని శైలి అలంకారాల మయం, కానీ ఇలాంటి సరంజామా వివరాల్లో నమ్మదగ్గవాడు. సలావుద్దీన్ జీవిత కథ రాసిన బహావుద్దీన్ మాత్రం 1188లో కొలువులో చేరాడు, కాబట్టి హత్తీన్ మీద అతనిది విన్నమాట. ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు.

పొగ గురించి: ఎండుగడ్డికి నిప్పుపెట్టింది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లలో ఒకడని ఆ కాలపు చరిత్రకారుడు ఇబ్న్ అల్-అథీర్ అంటాడు. గాలి ఫ్రాంకుల వైపు వీచింది. నీళ్లు లేని గొంతుకు పొగ తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా.

దారిపటం
జులై 4 పొద్దున సంగతి కొంచెం క్లుప్తంగా. కదిలారు. కాలిబలం తట్టుకోలేక వరస విడిచి కొమ్ముల మీదికి ఎక్కేసింది. రాజు పిలిచినా, బిషప్పులు బతిమాలినా దిగలేదు, దాహంతో చచ్చిపోతున్నాం, పోరాడలేం అన్నారు. ఓటమి నిజంగా జరిగింది ఆ క్షణాన. గోడ పోయింది, గుర్రాలు బయటపడ్డాయి.

రేమండ్ తన దళంతో హత్తీన్ ఊట వైపు లోయలోకి దూకాడు. తఖీయుద్దీన్ ఢీకొనలేదు, వరస తెరిచి పోనిచ్చి మళ్లీ మూసేశాడు. కింద నుంచి ఇరుకు దారిలో పైకెక్కి శత్రువు మీద పడటం కుదిరే పని కాదు. రేమండ్ ఉత్తరంగా వెళ్లిపోయాడు, చివరికి తూరు చేరాడు. బేలియన్, సీదోను ప్రభువు రెజినాల్డ్ కూడా బయటపడ్డారు.

కోటబురుజు
రేమండ్ వెన్నుపోటు పొడిచాడనే మాట అప్పుడే పుట్టింది. నేను ఒప్పుకోను. మూసిన వరస మీదికి నైట్లు ఈటెలు దించి దూకితే గుద్దుకునే బరువుంటుంది. వరస తెరుచుకుంటే ఆ బరువు గాల్లోకి పోతుంది. ముస్లిం సేనలు ఈ ఎత్తు దశాబ్దాలుగా వాడుతున్నాయి, రేమండ్‌కూ తెలుసు. అయినా దూకాడంటే వేరే మార్గం లేకే.

అరబీరాత
ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. తఖీయుద్దీన్ కావాలనే తెరిచాడా, లేక ఆ దూకుడు ఆపలేనని పక్కకు తప్పుకున్నాడా? ఇబ్న్ అల్-అథీర్ మాటల్లో రెండోది ఎక్కువ కనిపిస్తుంది: ప్రాణాల మీద ఆశ వదిలి వస్తున్నవాళ్ల ముందు నిలబడలేమని గ్రహించి దారి ఇమ్మన్నాడు. ఫలితం ఒకటే.

చివరి ఘట్టం కొమ్ముల మీద. అక్కడ ఇనుప యుగపు పాత ప్రాకారం రాళ్లు ఉన్నాయి, కాస్త అడ్డం దొరికింది. రాజు ఎర్ర గుడారం అక్కడ వేశారు. మిగిలిన నైట్లు పైనుంచి రెండుసార్లు సలావుద్దీన్ నిలబడ్డ చోటు వరకూ దూకారు. అల్-అఫ్దల్ తర్వాత చెప్పుకున్నది ఇబ్న్ అల్-అథీర్ భద్రపరిచాడు. తండ్రి మొహం పాలిపోయింది, గడ్డం పట్టుకున్నాడు, అరుస్తూ ముందుకు నడిచాడు. నైట్లు వెనక్కి తగ్గగానే కొడుకు 'ఓడించేశాం' అని కేక వేశాడు. మళ్లీ దూకారు, మళ్లీ తగ్గారు, మళ్లీ అదే కేక. సలావుద్దీన్ అతన్ని నోరు మూసుకోమని, ఆ గుడారం కూలేదాకా ఓడించినట్టు కాదన్నాడు. ఆ మాట ముగిసేసరికి గుడారం కూలింది.

నాకు ఇందులో ముఖ్యం అనిపించేది ఇది. నీళ్లు లేక రోజు దాటిన మనుషులు, మిగిలింది కొన్ని వందల గుర్రాలు, అయినా సలావుద్దీన్ మొహం పాలిపోయేలా చేశారు. అంత దగ్గరికి వచ్చారు. కాబట్టి 'ముందే రాసిపెట్టి ఉన్న ఓటమి' అనలేం.

చదువరి_21
రాజుకు నీళ్లిచ్చిన సంగతి నిజమేనా?

అరబీరాత
నిజమే, రెండు వైపుల రాతల్లోనూ ఉంది. గుడారంలోకి తెచ్చిన గీకి సలావుద్దీన్ చల్లటి పానీయం ఇచ్చాడు. గీ తాగి రెనాల్డ్‌కు అందించాడు. ఇతనికి నేనివ్వలేదని సలావుద్దీన్ స్పష్టంగా అన్నాడు. అరబ్బుల ఆచారంలో బందీకి తన చేత్తో నీళ్లో అన్నమో పెడితే ప్రాణం తీయకూడదు. రెనాల్డ్‌ను తన కత్తితోనే కొట్టాడు. గీని చంపలేదు.

టెంప్లర్లు, హాస్పిటలర్లు బందీలుగా ఎవరి దగ్గరున్నా తలకు 50 దినార్లు ఇచ్చి తెప్పించి, రెండు వందల మందికి పైగా తలలు తీయించాడు. దాతృత్వం గురించి చెప్పేవాళ్లు ఇది వదిలేస్తారు, వదలకూడదు. మామూలు కాలిబంట్లు దమాస్కస్ బజారులో బానిసలయ్యారు. ఎంతమందంటే ధర తలకు 3 దినార్లకు పడిపోయింది.

కోటబురుజు
దీని తర్వాత రాజ్యం మూడు నెలల్లో ఎందుకు కూలిందో కూడా చెప్పుకోవాలి. ఒక్క యుద్ధం ఓడితే రాజ్యం పోదు. కోటలుంటాయి, కోటల్లో బలగం ఉంటుంది. ఇక్కడ ఆ బలగాన్ని కూడా ఊడ్చి సఫూరియాకు తెచ్చారు. గోడలు నిలబడే ఉన్నాయి, గోడ మీద మనిషి లేడు.

జులై 5న ఎస్కీవా తబరియా కోట అప్పగించింది, సలావుద్దీన్ ఆమెను ట్రిపోలీకి మర్యాదగా పంపాడు. జులై 10 నాటికి ఏకర్ ఓడరేవు. ఆగస్టు 6న బేరూత్. సెప్టెంబరు మొదట్లో అస్కలాన్. అక్టోబరు 2న జెరూసలేం, పురుషుడికి 10 దినార్లు, స్త్రీకి 5 కట్టి బయటికి పోయే ఒప్పందం మీద. రాజ్యపు ఓడరేవుల్లో తూరు ఒక్కటే నిలిచింది. సరిగ్గా ఆ జులైలోనే మోంట్‌ఫెరాట్ కాన్రాడ్ ఓడలో వచ్చి దిగడం దానికి కారణం.

లెక్కలసంచి
ఇదే శత్రువుతో, ఇదే ఎండలో, నాలుగేళ్ల తర్వాత ఒక సైన్యం నడిచి గెలిచింది. పోల్చితే హత్తీన్ బాగా అర్థమవుతుంది.

1191 ఆగస్టు చివర ఇంగ్లండు రాజు రిచర్డ్ ఏకర్ నుంచి యాఫా వైపు బయల్దేరాడు. నూరు కిలోమీటర్ల పైన. తేడాలు చూడండి. సముద్రం కుడి చేతి పక్కనే, అటువైపు శత్రువు రాలేడు. ఓడలు పక్కనే తిండీ సామానూ తెచ్చాయి, గాయపడ్డవాళ్లను ఎక్కించుకున్నాయి. నడక పొద్దుటిపూట చల్లదనంలోనే. ప్రతి మజిలీ నీళ్లున్న ఏటి దగ్గర, మధ్యలో విడి రోజులు. అందుకే ఆ దూరానికి రెండున్నర వారాలు పట్టింది.

కాలిబలాన్ని రెండు సగాలు చేశాడు. ఒక సగం ఎడమవైపు గోడలా నడుస్తూ బాణాలు కాస్తుంది, ఇంకో సగం సముద్రం వైపు సామానుతో తేలిగ్గా నడుస్తుంది. తర్వాత మారతారు. బహావుద్దీన్ ఈసారి కళ్లారా చూసి రాశాడు: వీపున పది బాణాల దాకా గుచ్చుకుని ఉన్నా కాలిబంటు వరస వదలకుండా నడుస్తున్నాడని. హత్తీన్‌లోనూ అవే అంగీలు, అవే బాణాలు. గొంతు తడిగా ఉన్నవాడు వరసలో నిలబడ్డాడు.

సెప్టెంబరు 7న అర్సూఫ్ దగ్గర హాస్పిటలర్లు గుర్రాలు పోతున్నాయని ఓర్వలేక ఆజ్ఞకు ముందే దూకారు. రిచర్డ్ వెంటనే తక్కినవాళ్లనూ దూకించి, ఎక్కువ దూరం తరమనీయకుండా వెనక్కి లాగాడు. గెలుపు అతనిదే.

గుర్రపుడెక్క
ఆ రిచర్డే జెరూసలేం ముందు రెండుసార్లు వెనక్కి తిరిగాడు, 1192 జనవరిలో, మళ్లీ జులై మొదట్లో. రెండుసార్లూ బైత్ నూబా దాకా, అంటే 20 కిలోమీటర్ల దగ్గరి దాకా వచ్చి. రెండోసారి సలావుద్దీన్ ఊరి చుట్టూ బావులు, తొట్లు పాడుచేయించాడు. వేసవిలో ఆ రాతి కొండల మీద ముట్టడికి కూర్చుంటే నీళ్లు ఎక్కడివి? సముద్రం నుంచి సరఫరా దారి మొత్తం శత్రువుకు తెరిచి ఉంటుంది. స్థానిక ఫ్రాంకులు, రెండు సన్యాసి దళాలు వద్దన్నారు, రిచర్డ్ విన్నాడు. సైన్యంలో చాలామంది ఏడ్చారు, తిట్టారు. 1183లో గీకి పడ్డ తిట్లే. రిచర్డ్‌కు ఉన్న పేరు ఆ తిట్లను తట్టుకుంది.

1099లో, మొదటి శిలువ యుద్ధంలో మాత్రం జెరూసలేంను నీళ్లు లేకుండానే పట్టారు కదా అంటారు. జూన్ 7 నుంచి జులై 15 వరకు, బావులు పూడ్చేసి ఉంటే దూరం నుంచి తిత్తుల్లో మోసుకుని, సిలోయం కొలను దగ్గర తొక్కుకుని. కానీ అప్పుడు వాళ్ల వెనక సలావుద్దీన్ సైన్యం లేదు. ఈజిప్టు సైన్యం వచ్చేసరికి ఊరు చేతిలో ఉంది.

దారిపటం
మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను. ఇంతమంది చెప్పింది విన్నాక నా అభిప్రాయం మారింది.

తురాన్‌లో ఆగితే నీళ్లు చాలవు, తావు లేదు, రాత్రికి చుట్టుముట్టేస్తారు. ముందుకు పోతే ఆ సాయంత్రానికే సరస్సు చేరాలి, వెనక దళం మీద దాడి వల్ల అది సాధ్యపడలేదు. మిగిలింది ఒకటే, తురాన్ నుంచి అదే మధ్యాహ్నం సఫూరియాకు తిరిగిపోవడం. పది కిలోమీటర్ల లోపు, రాత్రికి నీళ్లు. నష్టం జరుగుతుంది, సైన్యం మిగులుతుంది. సలావుద్దీన్ తన లేఖలో రాసుకున్నది కూడా దీన్ని బలపరుస్తుంది. గీ తురాన్ నీళ్లను వదిలి ముందుకు రావడం తన మేలుకు తానే విరుద్ధంగా పోవడమనీ, సైతానే అతన్ని అలా పురిగొల్పాడనీ అతని భావం. ఆశించినదానికన్నా మంచిది జరిగిందన్న ఆశ్చర్యం అందులో ఉంది.

తిరిగిపోవడానికి మధ్యాహ్నం గంటా రెండు గంటలే వ్యవధి. తురాన్‌ను వాళ్లు పట్టుకున్నాక అదీ మూసుకుపోయింది. పొద్దున ఆజ్ఞ మార్చి బయల్దేరిన రాజు, మధ్యాహ్నం మళ్లీ మార్చగలడా అన్నది వేరే ప్రశ్న. 1183 సంగతి తెలిశాక, మార్చలేడనే అనుకుంటున్నా.

కోటబురుజు
తిరుగు దారిలోనూ వెనక దళమే ముందు దళమవుతుంది, గుర్తుంచుకోండి. సైన్యాన్ని నడిదారిలో, బాణాల కింద మొహం తిప్పించడం చాలా కష్టమైన పని. అయినా పది కిలోమీటర్ల తర్వాత నీళ్లున్నాయని తెలిసిన కాలిబంటు, తెలియనివాడి కన్నా బాగా నడుస్తాడు. ఒప్పుకుంటున్నా.

చదువరి_21
ఇప్పుడు ఆ చోటు చూస్తే ఏం కనిపిస్తుంది?

అరబీరాత
తురాన్ ఇప్పటికీ అదే పేరుతో ఉన్న ఊరు. మస్కానా ఉన్నచోట గొలానీ కూడలి, పెద్ద రహదారులు. కొమ్ములు ఖాళీగా, గడ్డితో ఉంటాయి. సలావుద్దీన్ అక్కడ విజయానికి గుర్తుగా ఒక గుమ్మటం కట్టించాడు, 1217లో అటుగా పోయిన జర్మను యాత్రికుడికి అది అప్పటికే పాడుబడి కనిపించింది. ఇప్పుడు పునాది రాళ్లే. ఏడాది తర్వాత అటుగా వెళ్లిన ఇబ్న్ అల్-అథీర్‌కు నేలంతా ఎముకలు కనిపించాయి, కొన్ని గుట్టలుగా, కొన్ని చెల్లాచెదురుగా.

హత్తీన్ ఊరు 1948లో ఖాళీ అయింది. దాని పక్కనే నబీ షుఐబ్ సమాధి ఉంది, డ్రూజు మతస్థులకు చాలా పవిత్రమైనది. ఏటా ఏప్రిల్ చివర వేలమంది వస్తారు. ఊట ఆ దగ్గర్లోనే, రేమండ్ చేరాలనుకున్నది దానికే.